రిటర్న్ టికెట్ మీద తేదీ

"మహిళల వాలీబాల్. రేపు ఉదయం తొమ్మిదికి రిపోర్టింగ్. కాలేజీ ఐడీ, పదో తరగతి మెమో ఒరిజినల్ తేవాలి. నాకౌట్."

నిజామాబాద్‌లో డిగ్రీ కాలేజీ ఆడపిల్లల జట్టును అభిమానించేవాళ్లకు సీజన్ వచ్చిందన్న కబురు ఇలా అందుతుంది. నలుగురి ఫోన్లు దాటి, ముందురోజు రాత్రి. ఐపీఎల్ చూసేవాళ్ల దగ్గర ఏ రోజు ఎవరితో ఎవరికి ఆటో ముందే పట్టిక ఉంటుంది. మాకు మైదానం ఏదో కూడా తెల్లారాక పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారుకు ఫోన్ చేస్తేగానీ తెలియదు. "వస్తరా మేడమ్? రాండ్రి, మనోళ్లు ఒక్కరన్న ఉండాలె" అంటాడాయన. ఆహ్వానమైనా టికెట్టయినా అదే.

నేను వెళ్తాను. బోధన్ వైపు సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నా పిల్లలెవరూ వాలీబాల్ ఆడలేదు. గట్టు మీద కూర్చున్నానో లేదో పక్క కాలేజీ వాళ్లు అడుగుతారు: "మీ పాప ఆడుతదా మేడమ్?" "లేదమ్మా." "మరి?" ఉప్పల్ స్టేడియానికి పోయేవాణ్ని మీ అబ్బాయి ఆడుతున్నాడా అని ఎవరూ అడగరు. మన దగ్గర ఆడపిల్లల ఆట చూడాలంటే మాత్రం ఏదో ఒక చుట్టరికం చూపించాలి. పిల్లలు కష్టపడి ఆడతారు, పీడీలు కష్టపడి ఆడిస్తారు. లేనిది ఊరికే వచ్చి చూసేవాళ్లే. ఈ కథనం ఆ లోటు గురించి.

ప్రత్యర్థే మన సెట్టర్

ముందు పద్ధతి చెప్పేస్తాను. డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలు మొదట తమలో తాము తలపడతాయి. ఆ ఆట చూసి యూనివర్సిటీ జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టు సౌత్ జోన్ పోటీలకు పోతుంది. భారత విశ్వవిద్యాలయాల సంఘం దేశాన్ని నాలుగు జోన్లు చేసింది. మన జోన్‌లో రెండు తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి ఉంటాయి. నాలుగు జట్లు మిగిలేదాకా నాకౌట్, ఆ నాలుగింటి మధ్య లీగ్. ఆ నాలుగే అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పోతాయి. అక్కడా ముందు వరుసలో నిలిస్తే ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు, 2020లో భువనేశ్వర్‌లో మొదలైనవి. వయసు ఇరవై అయిదు దాటితే ఈ మెట్లన్నీ మూసుకుపోతాయి.

కాగితం మీద సాఫీగానే ఉంది. అభిమాని గుండెకు మాత్రం ఇందులో ఒక చిక్కుంది. మొదటి మెట్టు దాటగానే మీరు ప్రేమించిన జట్టు ఉండదు. మీ కాలేజీ నుంచి ఇద్దరో ముగ్గురో యూనివర్సిటీ జట్టుకు ఎంపికవుతారు, మిగతావాళ్లు ఇళ్లకు పోతారు. మిమ్మల్ని ఫైనల్లో ఓడించిన కాలేజీ సెట్టర్, నిన్నటిదాకా మీరు సర్వీసు నెట్‌కు తగలాలని కోరుకున్న ఆ పిల్లే, ఇప్పుడు మీ పిల్లకు బంతి లేపాలి. అమెరికా కాలేజీ జట్టు అభిమానికి ఈ బాధ లేదు. ఆగస్టులో కట్టిన జట్టే డిసెంబరు ఆఖరుదాకా ఆడుతుంది. మనకు సగం దారిలో దేవుణ్ని మార్చినట్టు ఉంటుంది. మొదటిసారి నాకది సుతరామూ నచ్చలేదు. తర్వాత తర్వాత అందులోనే రుచి దొరికింది. పది రోజుల కోచింగ్ క్యాంపులో ఇద్దరు పగవాళ్లు ఒకరి అడుగు ఒకరు నేర్చుకోవడం చూడాలి మీరు.

ఎందుకంటే వాలీబాల్‌లో ఎవరూ బంతిని పట్టుకోలేరు. మూడు స్పర్శల్లో అవతలికి పోవాలి, ఒకరే వెంటవెంటనే రెండుసార్లు తాకకూడదు. అంటే ప్రతి పాయింటుకూ ఇంకొకరి మీద ఆధారపడక తప్పదు. ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే వైపు చోటు మారుతూ ఉంటారు. సెట్టర్ వెనక వరుసలో ఉన్నప్పుడు నెట్ దగ్గర ముగ్గురు కొట్టేవాళ్లుంటారు, ఆమె ముందుకు వచ్చేసరికి ఇద్దరే మిగులుతారు. తెలిసిన పీడీ ఈ లెక్క మనసులో వేసుకుంటూనే ఉంటాడు. గట్టు మీద కూర్చున్న నేనూ వేస్తాను. ఆ ఇద్దరే మిగిలిన రొటేషన్‌లో వరసగా నాలుగు పాయింట్లు పోయాయంటే సెట్ చేజారినట్టే.

మొరం మీద ఫైనల్

ఒక ఏడాది ఫైనల్ గురించి చెప్తాను. మూడు సెట్ల ఆట, చెరొకటి గెలిచారు. మూడోది పదిహేను పాయింట్లకు. కోర్టు మొరం నేల, సున్నం గీతలు. మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. మా జట్టు గాలికి ఎదురు వైపు ఉంది. గాలికి ఎదురు సర్వీసు చేయడం కష్టమనుకుంటారు చాలామంది. తిరగకుండా తేలుతూ పోయే ఫ్లోటర్ వేసేవాళ్లకు ఎదురుగాలే చుట్టం. బంతి నెట్ దాటాక ఊగుతుంది, ఎటు పడుతుందో వేసినవాళ్లకే తెలియదు. మా పిల్లల్లో రెండో సంవత్సరం చదివే సన్నటి అమ్మాయి ఒకతి ఉంది. షాట్‌లో బలం లేదు, ఎత్తూ లేదు. సర్వీసు మాత్రం అమోఘం. ఆమె వంతు వచ్చేసరికి 9-12తో వెనకబడి ఉన్నాం. ఆమె కదిలేసరికి 13-12.

గట్టు మీద ఎంతమందిమి ఉన్నామో చెప్పను. పక్కన క్రికెట్ ఆడుకుంటున్న పిల్లగాళ్లు ఆట ఆపి వచ్చి నిలబడ్డారు. అంపైర్ కుర్చీ వెనక మిర్చి బజ్జీల బండాయన కూడా. 13-13. 14-13. మ్యాచ్ పాయింట్ మాదే. అప్పుడు అవతలి సెట్టర్ చేసిన పని నేను మరిచిపోలేదు. ఇద్దరు బ్లాకర్లూ ఎడమ మూలకు పరుగెత్తేదాకా ఆగింది. బంతిని ఎవరికీ లేపలేదు, రెండో స్పర్శకే తానే నెట్ మీదుగా వేళ్లతో ఇలా తోసేసింది, ఖాళీగా ఉన్న నడిమధ్యలోకి. 14-14. తర్వాత రెండు పాయింట్లు వాళ్లవే.

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడాది యూనివర్సిటీ జట్టులోకి ఎంపికైన మొదటి పేరు ఆ సెట్టర్‌దే. మా జట్టు నుంచి ఆ సన్నటి సర్వీసు పిల్లతో పాటు ఇంకొకరు. సరే, ఇక ఆ సెట్టరూ మా పిల్లే.

ఆ మొరం గురించి ఒక మాట. మన పిల్లల ఆటలో ఒక లోపం కనిపిస్తుంది: బంతి కోసం నేల మీదికి దూకరు. పిరికితనం వల్ల కాదు. మొరం మీద డైవ్ చేస్తే మోచేతి చర్మం లేచిపోతుంది, మర్నాడు పెన్ను పట్టడమూ కష్టమే. శరీరం ఆ పాఠాన్ని పదమూడు పద్నాలుగేళ్లకే నేర్చేసుకుంటుంది. తర్వాత సౌత్ జోన్‌లో చెక్క నేల మీదికి తీసుకెళ్లి "దూకండి" అంటే ఎలా దూకుతుంది? ఇండోర్ స్టేడియంలో ఇంకో తంటా కూడా ఉంది. ఆకాశం కింద బంతి ఎత్తు అంచనా వేసుకున్న కళ్లకు పైకప్పు, దీపాల వెలుగు కొత్త. ఎత్తుగా లేచిన బంతి దీపంలో కలిసిపోతుంది. మొదటి సెట్ సగం అయ్యేదాకా అందరూ అరడుగు వెనక ఉంటారు. నాకౌట్‌లో సగం సెట్ అంటే చిన్న విషయం కాదు.

బీడీల చాట, జీరో టికెట్

ఈ పిల్లలు ఎక్కణ్నుంచి వస్తారు? ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి, రుద్రూర్. ఒకప్పటి చెరకు పల్లెలు. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువల్లో నీళ్లు పారాక ఈ నేల చెరకుకు తిరిగింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. ఆసియాలోనే పెద్దదని మా చిన్నప్పుడు చెప్పుకునేవాళ్లం. రుద్రూర్‌లో చెరకు పరిశోధన కేంద్రం, పొలాల్లో చెరకు, రోడ్ల మీద ఎడ్ల బండ్లు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి తాళం వేశారు. తెరిపిస్తామన్న మాట ఎన్నికలొచ్చినప్పుడల్లా వింటాం. ఈలోగా చెరకు మడులన్నీ వరి మడులయ్యాయి.

ఆట గురించి చెప్తూ ఫ్యాక్టరీ గోల ఎందుకంటారా? ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు ఆడించే కాలమూ, కాలేజీ పోటీల కాలమూ ఒకటే, చలికాలం. నెలజీతం వచ్చే ఇంట్లో ఆడపిల్లకు బూట్లు కొనిపెట్టడం ఒక నిర్ణయం. కూలి మీద నడిచే ఇంట్లో అది అప్పు. ఇప్పుడు ఈ పల్లెల్లో చాలా ఇళ్లల్లో అమ్మ చేతికొచ్చే నికరమైన ఆదాయం బీడీలదే. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. కాలేజీ నుంచి వచ్చిన బిడ్డ తునికాకు కత్తిరించి ఇస్తేనే ఆ వెయ్యి పూర్తవుతుంది. సాయంత్రం ప్రాక్టీసుకు పోయిందంటే చాట ముందు రెండు చేతులు తక్కువైనట్టే. అందుకే ఏ పిల్లనైనా కోచ్ మెచ్చుకునే ముందు నేను వాళ్లమ్మను మెచ్చుకుంటాను.

ఒక తల్లి నాతో అన్నది: "ఆట ఆడితే నౌకరొస్తదా మేడమ్?" నేను ఏమీ అనకముందే ఆమే అన్నది, "రాకపోయినా పోనీ, అది మైదానంల ఉన్నంత సేపు ఒర్లుతది సూడు, ఇంట్ల మాట్లాడనే మాట్లాడది." బంతి కోసం "నాది! నాది!" అని అరవడం వాలీబాల్‌లో నియమం లాంటిది. అరవకపోతే ఇద్దరు ఢీకొంటారు. ఆ అరుపే ఆమెకు నచ్చింది.

ఆ తల్లి మైదానానికి ఎలా రాగలిగిందో కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. ఈ పథకం మీద ఎవరి అభిప్రాయాలు వాళ్లవి. బోధన్ బస్సులో నేను చూసినది ఇది: ముందు పిల్లలు కిట్ బ్యాగులతో ఎక్కడం మొదలైంది, తర్వాత అప్పుడప్పుడు అమ్మలు, ఒకసారి ఒక నాయనమ్మ. ఆటోకు డబ్బులు పెట్టి బిడ్డ ఆట చూడటానికి రమ్మంటే రాని మనిషి, పైసా లేని టికెట్ మీద "ఏమాడుతదో సూద్దాం" అని బయల్దేరింది. గట్టు మీద నాకు తోడు దొరికింది అలాగే. ఆ నాయనమ్మకు నియమాలు తెలియవు. బంతి కింద పడితే చాలు, ఎవరి వైపు పడ్డా చప్పట్లు కొట్టేది.

ఊరేగింపు తెలిసిన ఊరు

నిజామాబాద్‌కు ఆడపిల్లల ఆటలు తెలియవని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయిన రాత్రి ఈ ఊరు పడుకోలేదు. మరుసటేడు ఢిల్లీలో మళ్లీ గెలిచింది. హాకీలో యెండల సౌందర్య దేశానికి ఆడింది. కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఫుట్‌బాల్‌లో భారత జట్టుకు ఆడటమే కాదు, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్ దాకా పోయింది. పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014లో, పద్నాలుగు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఒక్క జిల్లాకు ఇది తక్కువ జాబితా కాదు.

అయితే వీళ్లలో ఎవరినైనా గెలవకముందు ఎవరు చూశారు? నిఖత్‌కు నాన్న జమీల్ అహ్మద్ ఉన్నాడు, గురువు శంషముద్దీన్ ఉన్నాడు. ఊరు తర్వాత వచ్చింది, పూలదండలతో. గెలిచాక ఊరేగించడం మనకు బాగా వచ్చు. రెండో రౌండ్‌లో ఓడిపోబోయే జట్టు వెనక కూర్చుని గొంతు పోయేలా అరవడం మనకు అలవాటు లేదు. బాక్సర్‌కో, పర్వతం ఎక్కే పిల్లకో ఒంటరిగా కూడా కాస్త దారి దొరుకుతుందేమో. పన్నెండు మంది జట్టుకు అది కుదరదు.

ఇంకో పేరు చెప్తాను. పి.విజయ. రైల్వేకు ఆడిన వాలీబాల్ క్రీడాకారిణి. ఆమె భర్త పి.వి.రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యుడు, 2000లో అర్జున అవార్డు అందుకున్నాడు. వాళ్ల అమ్మాయి పీవీ సింధు. రమణ ఆట గురించి రెండు ముక్కలైనా చెప్పగలిగినవాళ్లు నాకు కనిపించారు. విజయ ఏ స్థానంలో ఆడేదో చెప్పగలిగినవాళ్లు ఇంతవరకు తారసపడలేదు. ఆమెను సింధు వాళ్లమ్మగా దేశమంతా ఎరుగును. ఆమె ఆటను చూసి గుర్తుపెట్టుకున్న జనం లేకపోతే ఆ ఆట ఎక్కడ ఉంటుంది?

ఇప్పటికీ ఆడవాళ్ల వాలీబాల్‌లో యూనివర్సిటీ దాటితే ముందున్నవి ఉద్యోగాలిచ్చే జట్లే. జాతీయ పోటీల్లో ఏళ్ల తరబడి రైల్వేస్, కేరళ మధ్యే నడుస్తోంది వ్యవహారం. కేరళలో స్పోర్ట్స్ హాస్టళ్లు, విద్యుత్ బోర్డు జట్టు, పోలీసు జట్టు, ఊరూరా ఫ్లడ్‌లైట్ టోర్నమెంట్లు, వాటికి జనం. మన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదలైంది. హైదరాబాద్ బ్లాక్ హాక్స్ అని మనకూ ఒక జట్టుంది. టీవీలో చూసి మా పిల్లలు చప్పట్లు కొట్టారు. అది మగవాళ్ల లీగ్.

తొంభై రెండు వేల మూడు

మా అక్క కొడుకు ఒమాహాలో ఉంటాడు. అమెరికా నడిమధ్య నెబ్రాస్కా రాష్ట్రం, మొక్కజొన్న దేశం. పడమటి కొసన స్కాట్స్‌బ్లఫ్ చుట్టూ చక్కెర పంట కూడా ఉంది, చెరకు కాదు, దుంప. వాడొకరోజు వీడియో పంపాడు. ఫుట్‌బాల్ స్టేడియం మధ్యలో ఒక వాలీబాల్ కోర్టు, చుట్టూ ఎర్ర చొక్కాల సముద్రం. "ఏ సినిమా వాళ్ల ఫంక్షన్ రా?" అన్నాను. "కాదు పిన్నీ, కాలేజీ అమ్మాయిల మ్యాచ్."

2023 ఆగస్టు 30. లింకన్ ఊళ్లో నెబ్రాస్కా యూనివర్సిటీ, ఒమాహా జట్టుతో ఆడిన రోజు. వచ్చినవాళ్లు 92,003 మంది. అధికారిక లెక్కల్లో ఆడవాళ్ల ఆటకు అంతమంది రావడం ప్రపంచంలో అదే మొదలు. అంతకుముందు రికార్డు బార్సిలోనాలో ఫుట్‌బాల్‌ది. నెబ్రాస్కాలో ఆ అమ్మాయిల మ్యాచ్‌లకు 2001 నుంచి టికెట్లు మిగలడం లేదట. దానికి డబ్బు కారణమనుకుంటాం. డబ్బుంది, నిజమే. దాని వెనక 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ఉంది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే కాలేజీ ఆడా మగా తేడా చూపకూడదన్నది ఆ చట్టం. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1981లో, మహిళల వాలీబాల్‌కు అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ జాతీయ పోటీ పెట్టింది. ఇప్పుడు 64 జట్లు, ఒక ఆదివారం టీవీలో పట్టిక ప్రకటిస్తారు. జనం ఆ పట్టిక అచ్చేసుకుని గోడకు అంటించుకుని, ఎవరు గెలుస్తారో గీతలు గీసుకుంటారు. ఆట ఇంకా మొదలుకాలేదు, అభిమాని పని అప్పటికే మొదలైంది. నాకు అసూయ పుట్టించింది తొంభై రెండు వేల జనం కాదు. ఆ కాగితం.

అప్పట్నుంచి డిసెంబరులో నాకు రెండు సీజన్లు. అక్కడ రాత్రి ఏడు గంటలంటే మనకు తెల్లవారి ఆరున్నర. టీ గ్లాసు పట్టుకుని ఫోన్లో స్కోరు చూస్తాను. 2024 డిసెంబరు సెమీఫైనల్లో నెబ్రాస్కా మొదటి రెండు సెట్లు గెలిచి, నాలుగో సెట్‌లో మ్యాచ్ పాయింట్ దాకా వచ్చి, పెన్ స్టేట్ చేతిలో అయిదు సెట్లలో ఓడిపోయింది. మూడు రోజుల తర్వాత పెన్ స్టేట్ లూయీవిల్‌ను ఓడించి కప్పు ఎత్తింది. ఆ జట్టు కోచ్ కేటీ షుమాకర్-కాలీ. సీజన్ నడుస్తుండగానే రొమ్ము క్యాన్సర్ బయటపడితే చికిత్స తీసుకుంటూనే బెంచీ దగ్గర నిలబడింది. ఆ కప్పు గెలిచిన మొదటి మహిళా కోచ్ ఆమే. నెబ్రాస్కా ఓడినందుకు మా వాడు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. నేనైతే ఇటువైపు మా పిల్లల సౌత్ జోన్ బయల్దేరే హడావుడిలో ఉన్నాను.

స్టేషన్ దగ్గర

రాయలసీమ ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్‌లోనే మొదలై తిరుపతి దాకా పోతుంది. దక్షిణానికి పోయే జట్టుకు అది వరం, ఖాళీ బోగీలోకి తాపీగా ఎక్కొచ్చు. ప్లాట్‌ఫాం మీద పన్నెండు మంది, ఒకే రంగు ట్రాక్ సూట్లు, కొత్తవి కాబట్టి మడతలు ఇంకా పోలేదు. బంతుల సంచి. సద్ది కట్టిన స్టీలు టిఫిన్లు. అమ్మలు వచ్చారు. ఆ నాయనమ్మ రాలేదు, మోకాళ్ల నొప్పులు.

ఇలాంటి ప్రయాణంలో వెళ్లే టికెట్ తేలిక. తిరిగొచ్చే టికెట్టే కష్టం. నాకౌట్ కదా, ఎన్ని రోజులుంటామో ఎవరికి తెలుసు? వసతి సాధారణంగా ఓడిపోయేదాకానే. ఓడితే ఆ రాత్రే మూట కట్టాలి. రిజర్వేషన్ మాత్రం వారాల ముందు చేయాలి. అందుకని మేనేజర్ ఒక తేదీ ఊహించి బుక్ చేస్తాడు. పిల్లలు తెలివైనవాళ్లు. టికెట్ చేతికి రాగానే బెర్త్ నంబరు కంటే ముందు తిరుగు తేదీ చూస్తారు. సారుకు మన మీద నమ్మకం ఎన్ని రౌండ్లదో అందులో అచ్చయి ఉంటుంది. ఆ ఏడాది సారు కాకుండా ఒక మేడమ్ మేనేజర్‌గా వెళ్లింది. ఆమె తిరుగు టికెట్టే చేయలేదు. "ఓడితే జనరల్‌ల వద్దాం, గెలిస్తే అప్పుడు సూద్దాం" అన్నది. పిల్లలు ఈలలు వేశారు. మేడమ్ ఆ మాట అనడమే ఒక సర్వీసు ఏస్ అని నా ఉద్దేశం, జనరల్ బోగీలో వాళ్ల నడుములు ఏమయ్యాయో పక్కన పెడితే.

అక్కడి నుంచి నాది ఫోన్ మీద బతుకు. సబ్‌స్టిట్యూట్ పిల్ల ఒకతి బెంచీ మీద నుంచి స్కోరు పంపుతుంది. ఆ అంకెలకు ఊపిరి ఉంటుందంటే నమ్మండి. "5-3". "11-10". కాసేపు ఏమీ ఉండదు. ఏమీ లేదంటే రెండే అర్థాలు: టైమవుట్, లేదా సబ్‌స్టిట్యూట్‌నే లోపలికి దింపారు. "21-17 మనవి". ఫ్లోటర్ పిల్ల సర్వీసులో ఉందా అని అడిగాను. బొటనవేలు బొమ్మ వచ్చింది. మొదటి రౌండ్ దాటేశారు, కర్ణాటక జట్టు మీద. ఆ సాయంత్రం నేను వీధిలో ఇద్దరు ముగ్గురిని ఆపి మరీ చెప్పాను. "ఎవల మీద గెలిచిన్రు? ఎక్కడ?" అన్నారు. ఆ మాత్రం అడిగినందుకే నాకు ఆనందం.

రెండో రౌండ్‌లో కేరళ నుంచి వచ్చిన యూనివర్సిటీ ఎదురైంది. కేరళ కాలేజీ పిల్లలు ఆడే తీరు వీడియోల్లో చూడండి. కొట్టడంలో మనవాళ్లకూ వాళ్లకూ అంత దూరం లేదు. తేడా అంతా నేల దగ్గర. పడాల్సిన బంతి పడదు. ఎవరో ఒకరు పొట్ట మీద జారుకుంటూ వచ్చి అరచేతి వెనక భాగాన్ని బంతి కింద పెడతారు. మన పిల్ల గట్టి షాట్ కొట్టి పాయింట్ వచ్చిందనుకుని చేతులు ఎత్తేలోగా బంతి తిరిగొస్తుంది. మళ్లీ కొట్టాలి. మళ్లీ. నాలుగోసారి కొట్టేటప్పటికి భుజం బలం తగ్గి బంతి నెట్‌లోకి పోతుంది. వరసగా సెట్లు పోయాయి. "అయిపోయింది మేడమ్" అని వచ్చింది. వెనకే ఇంకోటి: "సెకండ్ సెట్ 20 దాకా పోయినం."

ఇరవై దాకా. లోకం దృష్టిలో అది ఓటమే, స్కోరు షీటులోనూ ఓటమే. కానీ మొదటి సెట్‌లో దీపాలకూ చెక్క నేలకూ తడబడిన ఆరుగురు రెండో సెట్‌కల్లా సర్దుకున్నారని ఆ ఇరవై చెబుతోంది. ఒక్క నెల అలాంటి నేల మీద సాధన చేసి ఉంటే? రాత్రంతా ఇదే లెక్క నాకు.

మర్నాటి సాయంత్రం దిగారు. మా సెట్టర్, అవును ఇప్పుడు మా సెట్టరే, నడవలేక నడుస్తోంది. ఒకతికి తెల్లారితే సెమిస్టర్ పరీక్ష. పుస్తకం మడతపెట్టి కిట్ బ్యాగు జేబులో దోపుకుంది, రైల్లో తెరిచినట్టు లేదు. అందరి నోటా ఒకటే మాట, సర్టిఫికెట్ ఎప్పుడొస్తుందని. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా కోసం ఫారం 3 అని ఒక పత్రం ఉంటుంది. దేశానికి ఆడితే ఫారం 1, రాష్ట్రానికి జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2, యూనివర్సిటీకి మూడు, బడి పిల్లల జాతీయ పోటీలకు నాలుగు. కానిస్టేబుల్ పరీక్ష రాయబోయే పిల్లకైనా, రైల్వే ట్రయల్స్‌కు పోయే పిల్లకైనా దస్త్రాల్లో మాట్లాడేది ఇలాంటి సర్టిఫికెట్లే. ఒకమ్మాయి దాన్ని పది జిరాక్సులు తీయించి, ఒరిజినల్ లామినేషన్ చేయించబోతే పీడీ సారు అడ్డుపడ్డాడు: "లామినేషన్ చేస్తే వెరిఫికేషన్‌ల ఒప్పుకోరు బిడ్డా." నాకు తెలిసిన అన్ని స్కోరు షీట్లలోకి విలువైన కాగితం అదేనేమో. అయినా అందులో "20" అన్న అంకె ఉండదు. ఆ ఇరవైని గుర్తుపెట్టుకోవడానికి నాలాంటి పనిలేనివాళ్లు కావాలి.

ఒకరిద్దరికి డిగ్రీ అయిపోయింది. ఎత్తుగా ఉండే మిడిల్ బ్లాకర్‌కు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఆడనిస్తారా అని అడిగితే నవ్వి ఊరుకుంది. ఫ్లోటర్ పిల్ల మూడో సంవత్సరంలోకి వచ్చింది. సెట్టర్ చేరిన పీజీ కోర్సు ఇదే యూనివర్సిటీ పరిధిలోది కాబట్టి వచ్చే ఎంపికలకూ వస్తుంది. కాలేజీ పోటీల్లో ఆమె మళ్లీ మాకు ఎదురు ఆడుతుంది. ఆ రెండో స్పర్శ డంప్‌కు ఈసారి నడిమధ్య ఒకరిని కాపలా పెట్టమని పీడీ సారుకు ఇప్పటికే చెప్పాను. ఆయనకు నేను చెప్పాలా అనుకోండి, అయినా చెప్పాను.

కొత్త ఏడాది చేరినవాళ్లలో కోటగిరి నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఎడమచేతి వాటం. ఎడమచేతి వాటం అంటే నెట్ దగ్గర కుడి మూలకు పుట్టిన పిల్ల అన్నమాట. అక్కడ కుడిచేతి వాళ్లు బంతి తమ ఒంటిని దాటి అవతలి భుజం దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. ఈమెకు ఆ ఆగడం లేదు, ఇటు రాగానే కొట్టేయొచ్చు. ప్రత్యర్థి బ్లాకర్లు ఎప్పుడూ ఎడమ మూలనే కాచుకుని ఉంటారు, అలవాటు. సెట్టర్ వీపు వెనక్కి బంతి లేపడం నేర్చుకుంటే చాలు, మొదటి పదిహేను పాయింట్లదాకా వాళ్లకు ఏం జరుగుతోందో అర్థం కాదు. మా కాలేజీ సెట్టర్ వెనక్కి బాగానే లేపుతుంది, కాకపోతే బంతి నెట్‌కు మరీ దగ్గరగా పోతోంది. ఇంకో అడుగు ఇవతలికి వేయాలి. ఎంపికలు ఎప్పుడో తేదీ ఇంకా రాలేదు.